తారుమారు జోడు

మా కొలతల తాత ఎంతోమంది పిల్లలకి బూట్లు కుట్టాడు గాని, తను మాత్రం ఎన్నడూ సరైన జోడు తొడిగిన పాపాన పోలేదు. ఒక కాలికి గోధుమరంగు చెప్పు, రెండో కాలికి నల్లది. ఇదేంటి తాతా అంటే, "కాళ్ళు రెండూ ఒకేలా ఉంటాయని నీకెవరు చెప్పారే?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. ముప్పయ్యేళ్ళుగా నేనూ ఆ బూట్లు కుట్టే పనే చేస్తున్నాను. ఒకేలా ఉన్న రెండు కాళ్ళు ఇప్పటిదాకా నా చేతికి తగల్లేదు.

మేముండే వసతిగృహం పొడుగాటి వీధికి చివర ఉండేది. చూపు లేనివాళ్ళు, మాట వినపడనివాళ్ళు, నాలాగా కాలు ఈడ్చేవాళ్ళు, అంతా కలిసి ముప్పై మందికి పైగా పిల్లలం. నాకు మూడో ఏట జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఎడమకాలి బలాన్ని పట్టుకుపోయింది. ఆ కాలు సన్నగా, రెండో దానికన్నా రెండంగుళాలు పొట్టిగా మిగిలింది. నడవాలంటే కాలికి రెండు పక్కలా ఇనుప కమ్మీలు, కింద ఎత్తు మడమ బూటు ఉండాలి. ఆ బూట్లు కుట్టేవాడే కొలతల తాత. వసతిగృహం వెనకాల ఒకప్పుడు గుర్రాల్ని కట్టేసిన కొట్టంలో అతని పని, అతని మంచం, అతని చిందరవందర సంసారం అన్నీ ఉండేవి.

కొలత తీయడానికి అతనొక పాత వార్తాపత్రిక నేల మీద పరిచి, మమ్మల్ని దాని మీద నిలబెట్టేవాడు. కూర్చోబెట్టి కొలిస్తే కాలు అబద్ధం చెబుతుందట. మనిషి బరువు పడ్డప్పుడే నిజం చెబుతుందట. తడిస్తే ఊదారంగులో రాసే కాపీయింగ్ పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని పాదం చుట్టూ గీత గీసేవాడు. బొటనవేలి పక్కకి వచ్చేసరికి చక్కిలిగింతలు పుట్టి అందరం నవ్వేవాళ్ళం. "నవ్వితే పాదం కదులుతుంది, పాదం కదిలితే బూటు ఏడుస్తుంది" అని కసిరేవాడు. కాని అక్కడికొచ్చినప్పుడు కావాలనే ఇంకాస్త నెమ్మదిగా గీసేవాడని మా అందరికీ తెలుసు.

ఆ కాగితాలన్నీ గోడ నిండా మేకులకి వేలాడేవి. మధ్యాహ్నాలు నాకు నిద్ర పట్టకపోతే అక్కడికి పోయి తోలు చెత్త మీద పడుకునేదాన్ని. పై కిటికీలోంచి గాలి వచ్చినప్పుడు కాగితాలన్నీ ఒక్కసారిగా లేచి, మళ్ళీ గోడకి ఆనేవి. ముప్పై జతల పాదాలు ఒక అడుగు ముందుకేసి ఆగినట్టే ఉండేది నాకు. అరమోడ్పు కళ్ళతో చూస్తే అవి గోడ దిగి, తలుపు దాటి, వీధి వెంట పోతున్నట్టు కనిపించేది. వాటిలో నా పాదాలు ఎక్కడా కుంటేవి కావు. ఎన్నోసార్లు అలా చూస్తూ చూస్తూ నిద్రపోయాను. లేచేసరికి నా మీద గోనెపట్టా కప్పి ఉండేది.

బూటు తయారయ్యాక చివరి పరీక్ష ఒకటుండేది. మేం తొడుక్కుని నిలబడితే, వేళ్ళ ముందు ఎంత ఖాళీ ఉందో బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలెడు చోటు ఉండి తీరాలి. "పెరిగే కాళ్ళమ్మా ఇవి, వీటికి దారి వదలాలి" అనేవాడు. నేను అన్నిటికీ అడ్డం తిరిగే దాన్ని కాబట్టి, "వేలెడంత లేవు, ఎన్ని మాటలే నీకు!" అని నన్ను తిట్టేవాడు. ఆ తిట్టే నాకు పేరైపోయింది. అందరూ నన్ను వేలెడూ అని పిలిచేవాళ్ళు.

నా పక్క మంచం పిల్ల పేరు నిదానం. అదీ తాత పెట్టిందే. దానికి కుడికాలి బలం పోయింది, నాకు ఎడమకాలిది. నాకన్నా ఏడాది పెద్దది, పాదం నా పాదం కన్నా వేలెడు పొడుగు. మెట్లు దిగమంటే ఒక్కో మెట్టునీ పలకరించి దిగేది. నేను నాలుగు మాటలంటే అది ఒక్కటనేది, ఆ ఒక్కటీ నాలుగింటినీ మింగేసేది. నాకు దాని మీద ప్రాణం. దాన్ని చూస్తే ఒళ్ళుమంట కూడా.

యుద్ధం మాకు మొదట ఒక చప్పుడుగా వచ్చింది. పైఅంతస్తులో ఎవరో బీరువాలు జరుపుతున్నట్టుండేది. మాకు పైఅంతస్తు లేదు. చూపులేని పిల్లలు ఆ చప్పుడు ఎటునుంచో, ఎంత దూరమో మాకన్నా ముందే చెప్పేవాళ్ళు. వినపడని పిల్లలు గోడకి అరచెయ్యి ఆనించి, వణుకు తెలియగానే మా చొక్కాలు పట్టి లాగేవాళ్ళు. అలా మాలో మేం ఒకళ్ళకొకళ్ళం కాపలా కాసుకున్నాం. పొద్దున్నే పాలగ్లాసులో సున్నం పొడి తేలుతుండేది. ఆయా వేలితో తీసేసి, "తాగండర్రా, ఎముకలకి మంచిదే" అని నవ్వబోయేది. ఆమెకి నవ్వొచ్చేది కాదు.

తరవాత కొట్టంలోకి సైనికులొచ్చారు. ఉన్న తోలంతా, ఇనుప కమ్మీలన్నీ రాసుకుని పట్టుకుపోయారు. తాతని మాత్రం అక్కడే ఉండి సైన్యానికి బూట్లు కుట్టమన్నారు, ఊరు దాటడానికి వీల్లేదన్నారు. కొలతలు కూడా వాళ్ళే ఇచ్చారు. చిన్న, మధ్య, పెద్ద. లోకంలో మనుషులంతా మూడే రకాలు. తాతకి అది చచ్చేంత అవమానం. బూట్లు పట్టుకెళ్ళడానికి వచ్చిన సైనికుణ్ణి ఒకసారి అడిగాడు, "వేళ్ళ ముందు చోటు ఎంత వదలమంటారు బాబూ?" అని.

"ఎందుకు తాతా? ఇవేం పెరిగే కాళ్ళా?" అని నవ్వాడతను. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, మీసం సరిగ్గా రాలేదు. ఆ రోజునుంచి తాత సైన్యం బూట్లలో కూడా వేలెడు చోటు వదలడం మొదలుపెట్టాడు. తోలు వృథా అని వాళ్ళు రెండుసార్లు కేకలేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మంచం దిగలేని పిల్లల్ని ముందే అంబులెన్సుల్లో నది అవతలికి పంపేశారు. ఆ తరవాత వంతెన కూలింది. విరిగిన చోట బల్లలు పరిచి, రెండు పక్కలా నడుమెత్తున తాళ్ళు కట్టారు. బండ్లు పోవు. మనిషిని మనిషి మోసుకుపోవడానికీ ఒప్పుకోవడం లేదు. అంతకు వారం ముందు ఎవరో ముసలితల్లిని భుజాన వేసుకుని దాటుతూ జారారట. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నడవగలిగిన పిల్లలే శుక్రవారం పొద్దున్న దాటాలని, మిగిలినవాళ్ళు "తరవాతి విడత" అని కాగితం వచ్చింది. తరవాతి విడత ఎప్పుడని ఆయా అడిగితే పెద్ద టీచరు కిటికీలోంచి బయటికి చూసింది.

అలా నడవలేక మిగిలింది నేనూ, నిదానమూ. ఇద్దరికీ పాత బూట్లు ఇరుకైపోయి, కమ్మీలు పొట్టివైపోయి ఆరునెలలైంది. పెద్ద టీచరు తన కుర్చీకున్న తోలు విప్పించి తాతకిచ్చింది. ఆ కుర్చీ ముందు నిలబడి నేను తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. సైనికుల కంటపడకుండా తాత చూరులో దాచిన కమ్మీలు కూడా ఒకే ఒక్క జత బయటికొచ్చాయి. ఒక జత కమ్మీలంటే ఒక్క కాలు. కొట్టం తలుపు వెనక నిలబడి నేను వాళ్ళ మాటలు విన్నాను.

"వేలెడుకి కుట్టండి పెద్దాయనా. దానికి కొంచెం ఊపుంది, దాటగలదు. రెండోదానికి చెప్పకండి" అంది పెద్ద టీచరు.

"అలాగే అమ్మగారూ" అన్నాడు తాత.

ఉన్నమాట చెబుతాను. నాకు సంతోషమేసింది. గుండె గెంతులేసింది. ఆ రాత్రి నిదానం తన దుప్పటి సగం నా మీదికి జరిపితే, నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. తొమ్మిదేళ్ళ పిల్లని, బతకాలనుకోవడం తప్పు కాదు. కాని ఆ దుప్పటి వెచ్చదనం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మర్నాడు, మంగళవారం, తాత మా ఇద్దర్నీ పిలిచాడు. "కాగితాలు దొరకడం లేదు, ఇద్దరూ ఒకేదాని మీద నిలబడండి" అన్నాడు. నా ఎడమపక్కన నిదానాన్ని నిలబెట్టి, ఒకరి భుజం మీద ఒకరిని చేతులు వేయమన్నాడు. బాగున్న కాళ్ళు బయటివైపు, పనికిరాని కాళ్ళు రెండూ మధ్యలో, కాగితం మీద పక్కపక్కనే. దాని కుడిపాదం ఎడమవైపు, నా ఎడమపాదం కుడివైపు. పసిపిల్లాడు చెప్పులు తారుమారుగా వేసుకున్నట్టుంది చూడ్డానికి. నాకు నవ్వాగక చేతిలో పాలగ్లాసు ఒలికింది, కాగితం మీద నా మడమ దగ్గర గుండ్రంగా మరక పడింది. తాత తిట్టలేదు. పెన్సిలు తడిచేసుకుని, మా నాలుగు పాదాల చుట్టూ కాక, మధ్యనున్న రెండు పాదాల చుట్టూనే గీత గీశాడు. ఎందుకలా అని అడగాలని కూడా నాకు తోచలేదు. నిదానానికెందుకు కొలత, నా ఒక్కదానికే కదా అనుకుంటూ పైకి అనలేక నోరు నొక్కుకున్నాను.

బుధవారం సాయంత్రం కొట్టంలోంచి పెద్ద టీచరు గొంతు పెద్దగా వినపడింది. కర్ర పొడుచుకుంటూ పరుగెత్తాను. బల్ల మీద కుర్చీ తోలులోంచి కోసిన బూటు అడుగు అట్ట ఉంది. నా పాదమంతే ఉంది. కాని ఎడమకాలిది కాదు, కుడికాలిది.

"కాగితం తిరగబడిందమ్మగారూ. వెనకనుంచి గీత కనిపిస్తే అదే అనుకుని కోసేశాను. పొరపాటైపోయింది" అన్నాడు తాత, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నలభై ఏళ్ళ పనివాడివి!" అంది పెద్ద టీచరు. మొదటిసారి అతన్ని నువ్వు అంది.

తిరగేసినా నునుపువైపు కిందికొచ్చి జారుతుంది కాబట్టి ఆ అట్ట నాకు పనికిరాదు, నిదానం పాదానికి పొట్టి. కుర్చీ వీపు తోలు మిగిలింది గాని అది పాతబడి పలచబడింది, దానితో బూటు కుదరదు. తరవాతి విడత నేనే అని అర్థమైంది. "గుడ్డి ముసలాడా! కళ్ళు పోయినవాడివి కత్తెందుకు పట్టుకున్నావ్? నన్ను చంపేశావ్!" అని అరిచాను. చేతికందిన బెండు ముక్క విసిరాను. అది అతని చెంపకి తగిలి కింద పడింది.

తాత ఆ ముక్క వంగి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎత్తుమడమకి ఇది సరిపోతుంది" అన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు, "బూటు కుదరదు గాని అమ్మగారూ, వెడల్పాటి చెప్పు ఒకటి కుదురుతుంది. రెండు కాళ్ళకీ కలిపి ఒకటే. కమ్మీ ఒకటి ఈ పిల్లవైపు, ఒకటి ఆ పిల్లవైపు. మధ్యలో కాళ్ళు రెండూ కలిపి కట్టేస్తే ఒకదానికొకటి ఊతం. వేరే దారి లేదు మరి."

"పిచ్చా మీకు? ఒకరు పడితే ఇద్దరూ పోతారు" అంది పెద్ద టీచరు.

"ఒకరు పడబోతే రెండోవాళ్ళు పట్టుకుంటారేమో కూడా" అంది తలుపు దగ్గరనుంచి నిదానం. అది ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు.

గురువారం మధ్యాహ్నానికి జోడు తయారైంది. జోడంటే జోడే, కాని ఒక్కటే. పాడైపోయిన ఆ అట్టకే ముందు ఒక అతుకు వేసి నిదానం పాదం కింద పెట్టాడు. పక్కన నా పాదానికి కుర్చీ వీపుని రెండు మడతలు కుట్టాడు. కింద బెండు, మీద పట్టీలు. మేమిద్దరం వరండాలో నడవడం నేర్చుకున్నాం. నా తొందర, దాని నిదానం మధ్య రెండు కాళ్ళూ నలిగిపోయాయి. ఏడుసార్లు పడ్డాం. ఎనిమిదోసారి నిదానం, "నువ్వు లెక్కపెట్టు, నేను అడుగేస్తా" అంది. ఒకటి అంటే మధ్యకాలు, రెండు అంటే బయటికాళ్ళు. లయ కుదిరింది. చూపులేని పిల్లలు మా అడుగుల చప్పుడు విని, ఇది ఏ జంతువని పందేలు కాశారు. తాత గడపలో కూర్చుని చూస్తున్నాడు. నేను అతనితో మాట్లాడలేదు. కావాలనే మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున్న నది మీద పొగమంచు. వంతెన ఇవతలి కొస ఉంది, అవతలి కొస లేదు. చూపులేని పిల్లలు ఒక తాడు పట్టుకుని వరసగా ఆ తెల్లదనంలోకి వెళ్ళి మాయమయ్యారు, వాళ్ళకి మంచుతో పని లేదు కాబట్టి అందరికన్నా హుషారుగా వెళ్ళారు. మా వంతు వచ్చింది. జాబితా పట్టుకున్న అధికారి మమ్మల్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"ఇది ఒకరా, ఇద్దరా?"

"పిల్లలు ఇద్దరు, కాళ్ళు మూడు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళే నడుస్తున్నారు, ఎవరూ మొయ్యడం లేదు. కాళ్ళెన్నో రాయమని మీ కాగితంలో ఉందా?" అంది పెద్ద టీచరు.

అతను కాగితం చూసుకున్నాడు. లేదు.

ఎడమ తాడు నిదానానిది, కుడి తాడు నాది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. బల్లల సందుల్లోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది గాని నీళ్ళు కనిపించడం లేదు. కొంతసేపటికి బల్లలూ కనిపించలేదు. మబ్బు మీద నడుస్తున్నామేమో, అందుకే కాలు బరువు తెలియడం లేదేమో అనిపించింది. గోడ మీది పాదాలన్నీ దిగి మా వెనకాలే వస్తున్నాయని నాకు గట్టి నమ్మకం కలిగింది. వెనక్కి తిరిగితే ఆగిపోతాయని తిరగలేదు. మధ్యలో ఒకచోట నేను లెక్క తప్పాను. మూడు అన్నాను. మూడు అంటే ఏ కాలో మేం అనుకోలేదు. ఇద్దరం ఊగాం, నా చెయ్యి తాడు వదిలేసింది. నిదానం నా మెడచుట్టూ ఉన్న చేతిని బిగించి, "మళ్ళీ ఒకటి నుంచి" అంది. అంతే. ఒకటి, రెండు అంటూ అవతలి గట్టు మీద పడ్డాం.

అప్పుడు తిరిగి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు. తాత వంతెన దాకా వచ్చాడో రాలేదో కూడా నాకు తెలియదు. వెళ్ళొస్తానని చెప్పలేదు నేను.

అవతల మూడు నెలలు ఒక బడిలో ఉన్నాం. కడుపు నిండకపోయినా కాళ్ళు పెరిగాయి. మొదట్లో ఆ వెడల్పు చెప్పు ముందు వేళ్ళు పట్టేంత చోటుండేది, ఒకటి కాదు, రెండు వేళ్ళు. అంత వదులుగా ఎందుకు కుట్టాడా ముసలాడని విసుక్కున్నాను. తరవాత నిదానం మేనత్త దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. తీసుకుపోతానంది. చెప్పు ఒకటే, పిల్లలం ఇద్దరం. పక్కవీధిలో చెప్పులు కుట్టే ఒకామె ఉంటే ఆమె దగ్గరికి పోయి, దీన్ని రెండు చెయ్యమని అడిగాం. పాడైపోతుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

ఆమె పై అట్ట కుట్లు విప్పింది. లోపల అంచులు మడిచి పరిచిన వార్తాపత్రిక ఉంది. దాని మీద మా రెండు పాదాల గీత, తారుమారుగా. మధ్యనుంచి చుక్కల గీత ఒకటి. ఆ గీత వెంట తోలుకి ముందే రెండు వరసల రంధ్రాలు పొడిచి ఉన్నాయి, కోశాక అంచులు కుట్టుకోవడానికి. పక్కన ఊదారంగు పెన్సిలుతో రాసి ఉంది: "చేరాక ఇక్కడ కొయ్యాలి. ఎవరిది వాళ్ళకి. ఇద్దరికీ రెండేసి వేళ్ళు వదిలాను."

"ఎంత ముందుచూపున్న పనివాడమ్మా!" అంది ఆమె.

నేను ఆ కాగితం మీద నా మడమ దగ్గరున్న పాలమరక చూస్తున్నాను. అది మంగళవారం కాగితం. కాగితం తిరగబడి అట్ట పాడైంది బుధవారం. పాడుకాకముందే రెండు కాళ్ళకీ కలిపి గీసి పెట్టుకున్నాడు. ముందే చెబితే పెద్ద టీచరు ఒప్పుకోదు. ఒక్కదాన్నయినా క్షేమంగా దాటించాలంటుంది, ఆమె తప్పూ లేదు. అందుకని నలభై ఏళ్ళ పేరుని ఒక్క కత్తి వేటుతో కోసేసుకుని, పొరపాటైపోయింది అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా నోట ఆ మాట పడ్డాడు. నిదానం ఆ కాగితం కేసి చూసి నా కేసి చూసింది. దానికి అప్పటికే తెలుసేమో, నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

యుద్ధం ఇంకో రెండేళ్ళు సాగింది. అయ్యాక వెళ్ళాను. కొట్టానికి కప్పు లేదు. గోడ మీద మేకులున్నాయి, కాగితాలు లేవు. సైన్యంతో పోయాడని ఒకరన్నారు, అంతకు ముందే పోయాడని ఇంకొకరన్నారు. గడప దగ్గర నల్లచెప్పు ఒకటి దొరికింది. గోధుమరంగుది ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు నా దుకాణంలో గోడ నిండా పాదాలే. అన్నిటికన్నా పైన ఆ పాలమరక కాగితం, అద్దం కట్టించి పెట్టాను. కొలతకొచ్చిన పిల్లలు దాన్ని చూసి తప్పు పట్టకుండా ఊరుకోరు. మొన్న ఒక పిల్ల వచ్చింది, దానికీ నా అంత నోరు. "ఇదేంటి పిన్నీ, కుడిది ఎడమవైపు గీశారు? ఇంత పొరపాటు ఎవరు చేశారు?" అంది.

"పొరపాటు నాదేనమ్మా, గీసినవాడిది కాదు" అన్నాను. ఆ మాట వినవలసినవాడు విన్లేదు. నేలమీద కాగితం పరిచి, పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని, "నిలబడు, కూర్చుంటే కాలు అబద్ధం చెబుతుంది" అన్నాను.